వంకలో మా అంగడి పేరు

బాగేపల్లిలో పీయూసీ, అంటే ఇంటర్, చదివే రోజులవి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఇంటర్‌నెట్ సెంటర్‌లో బ్లాగు రాయడం నేర్చుకున్నాను. ఊరి పక్క పారే వంకలో పేరుకున్న చెత్తను ఫోటో తీసి పెట్టి, "ఇట్లా పారేసేవాళ్లకు సిగ్గు లేదా?" అని కడిగేశాను. ఆదివారం అందరూ వస్తే శుభ్రం చేద్దామనీ రాశాను.

మరునాడు మా లెక్చరర్ మెచ్చుకుంటూ ఆ ఫోటోను కంప్యూటర్ ల్యాబులో పెద్దది చేసి చూపించారు. ముళ్లకంపకు చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్ల మీద మా నాయన బట్టలంగడి పేరు! క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది.

ఇంటికొచ్చి ఏడుస్తూ నాయనకు చెప్పాను. "ఇప్పుడే పోయి ఆ ఫోటో తీసేస్తా నాయనా."

"తీసేయొద్దు పాపా. ఆడ మన పేరే ఉండాది కదా, మనమే పోయి ఏరాల" అన్నాడు.

ఆదివారం పంచె ఎగగట్టి, గోనెసంచి పట్టుకుని కంపలోకి దిగాడు. మా కవర్లతోపాటు పక్క అంగళ్లవీ ఏరాడు. నేనూ వెనకే దిగాను. మూడో మనిషి రాలేదు.

బ్లాగు చూసి నవ్వినవాళ్లు చాలామంది. నా పిలుపుకి వచ్చింది మాత్రం, బ్లాగంటే ఏమిటో తెలియని మా నాయనొక్కడే.