పాస్టరుగారి కార్డులకు మా అమ్మ పెట్టిన పసుపు

చైతన్యపురిలో మాదొక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, హాస్టళ్ల బోర్డులు, సీజన్లో శుభలేఖలు. శుభలేఖల దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రెస్సు నాది కాదు, మా అమ్మది. ముహూర్తాలు మొదలవగానే ఇంట్లోంచి స్టీలు గిన్నెలో పసుపు కలుపుకొచ్చి, వెనక గదిలో స్టూలేసుకుని, ప్రతి కార్డుకీ నాలుగు మూలలా బొట్లు పెడుతుంది. "అది పెళ్లివాళ్లు పెట్టుకుంటారమ్మా" అంటే వినదు. "ఈ ఊళ్లో ఎవరికి తీరికరా? బోసి కార్డు గడప దాటితే ఆ పాపం మనదే" అంటుంది. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆవిడ లెక్కలో హైదరాబాద్ తీరిక లేని ఊరే.

పోయిన కార్తీకంలో ఒక పాస్టరుగారు వచ్చారు. నల్లగొండ వైపు మనిషి, ఒకప్పుడు ఆటో నడిపేవారు. మన్సూరాబాద్‌లో కర్రీ పాయింట్ మీద మేడ గది కిరాయికి తీసుకుని ప్రార్థనలు జరుపుతున్నారు.

"రెండేండ్లయిందన్నా. ఇప్పటికీ తొమ్మిది మందిమే. అండ్ల నా భార్య, ఇద్దరు పిల్లలు. ఇంకొకాయన ఇంటి ఓనరు, ఫ్యాన్లు ఎన్ని తిరుగుతున్నయో సూడనీకి ఒస్తడు" అన్నారు.

వచ్చే ఆదివారం ఆరాధన, ఆ తర్వాత భోజనాలట. ఈసారీ గది నిండకపోతే ఖాళీ చేసేసి మళ్లీ ఆటో పట్టుకుంటానని భార్యకు మాటిచ్చారట. నవ్వుతూనే చెప్పారు గాని నాకు జాలేసింది.

మామూలు కరపత్రాలు పంచితే సాయంత్రానికల్లా బజ్జీల బండి మీద పొట్లాలవుతున్నాయని, కాస్త దళసరి కాగితం మీద కొట్టమన్నారు. ఆగిపోయిన పెళ్లి తాలూకు అట్టలు నా దగ్గర మిగిలున్నాయి. మీగడ రంగు, చుట్టూ బంగారు అంచు. మంచి పని చేస్తున్నాననుకుని వాటి మీదే కొట్టేశాను. ఆరబెట్టడానికి వెనక గదిలో పెట్టి భోజనానికి వెళ్లాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

అమ్మ కళ్లజోడు రిపేరుకిచ్చి ఉంది. చేతికి దళసరి అట్ట తగిలింది, బంగారు అంచు మెరిసింది. ఆవిడకి ఇంకేం కావాలి!

శనివారం మధ్యాహ్నం పాస్టరుగారు అమ్మ కట్టి ఉంచిన కట్ట తీసుకెళ్లారు. పావుగంటలో మెట్రో స్టేషన్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏందన్నా గిది? గీ పసుపు కార్డులు పంచితే మా పెద్ద పాస్టరు నన్ను గుంజుకపోయి మళ్ల బాప్తిస్మమిస్తడు!"

గుడ్డ పెట్టి ఒకటి తుడిచాను. బొట్లు పోయి కార్డంతా పసుపయింది. మళ్లీ కొడదామంటే కరెంటు లేదు. తిడతారేమోనని నేను బిక్కచచ్చి నిలబడితే, అమ్మ ఏమాత్రం తగ్గలేదు. "పసుపు లేకపోతే చావు కార్డనుకుంటారు నాయనా. మీ దేవుడు మాత్రం కాదంటాడా?" అంది. పాస్టరుగారు ఆవిడ వంక చూశారు, కట్ట వంక చూశారు. కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆదివారం మనసాగక నేనూ వెళ్లాను. అమ్మ వెంటపడింది. మన్సూరాబాద్‌లో ఆ మేడ మెట్ల మీదే జనం! పట్టుచీరలు, మల్లెపూలు, రంగు కాగితం చుట్టిన గిఫ్టు ప్యాకెట్లు. ఒక పెద్దమనిషి నన్నాపి, "మీరు పిల్ల తరఫా, పిలగాని తరఫా?" అని అడిగాడు.

"ప్రెస్సు తరఫు" అన్నాను.

మనవాళ్లు శుభలేఖలో చదివేవి రెండే, ఎప్పుడు, ఎక్కడ. మిగతాదంతా పసుపు చూసి నమ్మేస్తారు. కాలనీలో కొందరు చెప్పులు విప్పి మరీ రెండు చేతులా అందుకున్నారట. ప్రతి గుమ్మంలోనూ ఆయన "ప్రార్థన కూడికండీ" అని చెబుతూనే ఉన్నారట, వాళ్లు "ఒస్తం, ఒస్తం" అంటూనే ఉన్నారట.

పాస్టరుగారు చెమటలు తుడుచుకుంటూ మైకు పట్టుకున్నారు. "అమ్మా, అయ్యా, ఈడ పెండ్లి లేదు. పసుపు పొరపాటున పడ్డది. పోయెటోళ్లు పోవచ్చు. ఉండెటోళ్లు తిని పోవాలె."

సరిగ్గా అప్పుడే కింద నుంచి బగారా అన్నం వాసన పైకొచ్చింది. ఒక్కరూ లేవలేదు. ఆయన రాసుకొచ్చిన ప్రసంగం జేబులో పెట్టేసి, ఏసు వెళ్లిన పెళ్లి కథ ఎత్తుకున్నారు. ద్రాక్షారసం అయిపోయిందనగానే వెనక నుంచి ఎవరో ఆత్రంగా, "మరి మగపెళ్లోళ్లు ఊకున్నరా?" అని అరిచారు.

వండింది ముప్పై మందికి. అన్నం చాలక కర్రీ పాయింట్లోని పప్పూ, దొండకాయ వేపుడూ మొత్తం పైకెక్కాయి. వడ్డన మా అమ్మది. ఇంటి ఓనరు ఫ్యాన్ల సంగతి మరిచిపోయి మంచినీళ్లు అందించాడు.

వారం గడిచాక, సోమవారం, పాస్టరుగారు మళ్లీ ప్రెస్సుకొచ్చారు. ఈ ఆదివారం ఎంతమంది వచ్చారని భయపడుతూ అడిగాను.

"పది మంది" అన్నారు.

ఆ పదో మనిషి ఒక ముసలామె. ఇక్కడే లేడీస్ హాస్టల్లో రొట్టెలు చేస్తుంది. పెళ్లి లేదని తెలిసి కూడా మళ్లీ ఎందుకొచ్చావమ్మా అని ఆయన అడిగారట.

"'నా మొగుడు పోయినంక శుభకార్యానికి నన్నెవ్వలు పిల్వలే సారూ. నా చేతిల పసుపు పెట్టిన కార్డు పెట్టినోనివి నువ్వొక్కనివే' అన్నదన్నా."

 "మరి గది ఖాళీ చేస్తారా?" అని అడిగాను.

"ఆమె ఒస్తున్నంక ఎట్ల ఖాళీ చేస్తనన్నా?" అని, జేబులోంచి క్రిస్మస్ ఆహ్వానం రాసిన కాగితం తీసిచ్చారు. "తెల్ల కాగితం మీద కొట్టుండ్రి. పసుపు ఒద్దు, మీకు దండం పెడ్త." మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. మా అమ్మ వంక చూడకుండా, గోడ మీది క్యాలెండర్‌కేసి చూస్తూ అన్నారు. "ఒక్కటి దప్ప."

అమ్మ అప్పటికే పసుపు కలపడానికి గిన్నె తీసుకుని లేచింది. కార్డు ఇంకా కొట్టనేలేదు.