నేను చూడని చివరి ఇరవై నిమిషాలు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. నేను నాలుగు ఉపన్యాసాలిస్తే జిల్లాలో మూఢనమ్మకం మిగలదని గట్టి నమ్మకం. (అదీ మూఢనమ్మకమేనని అప్పట్లో తట్టలేదు.) సరిగ్గా అప్పుడే గజపతినగరంలో మా పిన్నికి చనిపోయిన అత్తగారి గొంతు వినిపించడం మొదలైంది. వంట చేస్తుంటే వెనకనుంచి పిలిచేదట, పులుసులో ఉప్పెక్కువైందని తిట్టేదట. పిన్ని తిండి మానేసి సగమైపోయింది. విశాఖలో మనసు జబ్బుల డాక్టరుకి చూపిద్దామంటే, "నాకేటి పిచ్చా? దెయ్యానికి డాక్టరేటి సేస్తాడ్రా?" అని కొట్టిపారేసేది.

ఇంతలో విజయనగరంలో ఒక సినిమా వచ్చింది. మ్యాట్నీకి వెళ్ళాను. ఒంటరిగా ఉండే ఒక అమ్మాయికి చనిపోయిన అక్క కనిపిస్తూ ఉంటుంది. ఎంత బాగా తీశాడంటే, కుళాయి చుక్క చప్పుడుతోనే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ పిల్ల దిగమింగిన దుఃఖమే అక్క రూపంలో తిరుగుతోందని మెల్లమెల్లగా విప్పుకుంటూ వచ్చాడు. డాక్టరు ఎదుట కూర్చుని ఆమె మొదటిసారి ఏడ్చినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. ఇక మిగిలింది ఇరవై నిమిషాలు. కానీ మా హేతువాద సంఘం సభలో నేను మాట్లాడాలి. ముగింపేమిటో తర్కమే చెబుతోంది కదా అని లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం నా ఉపన్యాసం, 'కంటితో చూడనిది నమ్మకండి'. చప్పట్లు బాగానే పడ్డాయి.

మర్నాడే పిన్నితో పందెం కాశాను. సినిమాలో దెయ్యం లేదని తేలితే నాతో డాక్టరు దగ్గరికి రావాలి. పిన్ని నా ముఖంలోకి చూసి, "ఆకరిదాకా సూసేవా?" అంది. చూశానన్నాను.

"అయితే వస్తాను."

పిన్నినీ బాబాయినీ తీసుకెళ్ళాను. డాక్టరు సీను రాగానే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఒరే, నాకూ ఇలాగే ఉంటాదిరా," అంది. గెలిచాననుకున్నాను. అప్పుడు డాక్టరు వెనక గోడ పగిలి, జుట్టు విరబోసుకుని అక్క నిజంగానే బయటికొచ్చింది. డాక్టరు పీక నులిమింది. చివరికి ఒక మంత్రగాడు నిమ్మకాయతో కథ ముగించాడు. రెండు గంటలు ఇటుక మీద ఇటుక పేర్చిన దర్శకుడు తన చేత్తోనే అంతా పడగొట్టాడు. పిన్ని నా చెయ్యి వదిలేసింది.

"మీవోడు భలేటోడే! దెయ్యం లేదని సెప్పడానికి టికెట్టు కొని మరీ దెయ్యాన్ని సూపించేడు," అన్నాడు బాబాయి. పిన్ని నవ్వలేదు. "ఆకరిదాకా సూసేనన్నావు కదరా," అంది, అంతే. ఆ వారమే తాయెత్తు కట్టించుకుంది. నేను ఆ దర్శకుణ్ణి దులిపేస్తూ నాలుగు పేజీల వ్యాసం రాశాను. అందులో నా అబద్ధం గురించి ఒక్క వాక్యం లేదు.

ఏడాది దాటాక పిన్నే కబురు పెట్టింది, డాక్టరు దగ్గరికి వెళ్దామని. ఎందుకని అడిగాను. "మా అత్త గోడలోంచి వస్తాదేటిరా? తలుపు బాది, తిట్టుకుంటా వచ్చే మనిషి. ఆ సినిమా దెయ్యం యవ్వారం కాదు నాది, మరేటో ఉన్నాది." నా ఉపన్యాసాలన్నిటిలోనూ ఇంత శుద్ధమైన తర్కం లేదు. డాక్టరిచ్చిన మాత్రలతో పిన్ని తేరుకుంది. కానీ ఆ ఏడాదంతా తన వంటింట్లో తానే బెదురుతూ పొయ్యి ముందు నిలబడింది. అందులో నా వాటా ఇరవై నిమిషాలు.

మొన్న ఫోన్ చేసి, ఏదో కొత్త సినిమా కథ చెప్పమంది. సగమే చూశాను పిన్నీ, అన్నాను.

"అయితే సగమే సెప్పు," అంది.