ఎనిమిది అంతస్తులకు ఒక గవాచి

2022లో కర్నూలు నడిబొడ్డున ఎనిమిది అంతస్తుల ఆఫీసు టవర్ డిజైన్ చేసే పని నాకు వచ్చింది. ఆర్కిటెక్ట్‌గా అదే నా మొదటి టవర్. అప్పటిదాకా కల్లూరు వైపు ఇళ్లు గీసుకుంటూ నెట్టుకొచ్చాను. మాది గుంటూరు, పెళ్లయ్యాక ఈ ఊరు వచ్చాను.

స్థలం యజమాని ఓబులేశు గారు విత్తనాల వ్యాపారి. నేను ఉత్సాహం కొద్దీ నాలుగు వైపులా కర్టెన్ వాల్ గీశాను. అంటే గోడకు బదులు పైనుంచి కిందిదాకా అద్దాల తెర అన్నమాట. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"అంతా బాగుండాది గానీ, గవాచి యాడుండాదమ్మా?"

గవాక్షమే కదా, కిటికీ అడుగుతున్నారనుకున్నాను. తెరుచుకునే కిటికీలు పెట్టి తీసుకెళ్లాను. మళ్లీ అదే ప్రశ్న. వాటిని ఇంకా పెద్దవి చేశాను. ఈసారి ఆయనకు విసుగొచ్చింది.

"కిటికీలు శానా పెట్టినావు. నేనడిగేది గవాచి. నీతో కాకుంటే చెప్పు తల్లీ, హైదరాబాదోళ్లతో గీపిచ్చుకుంటా."

చేతికొచ్చిన టవర్ జారిపోతోంది. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. కాగితం ఆయన ముందుకు తోసి, "మీరే గీయండి" అన్నాను.

ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా పెన్ను తీసుకున్నారు. ఒక ఇల్లు గీసి, కప్పు నడిమధ్య సున్నా చుట్టారు.

"మా మట్టిమిద్దెకు కిటికీలే లేవమ్మా. పైన ఈ బొక్కే. ఎలుతురు దిగేది దీంట్లోనే, పొగ పొయ్యేది దీంట్లోనే."

నాకు నవ్వాగలేదు. మా గుంటూరు గవాక్షం గోడకుంటే, వీళ్ల గవాచి నడినెత్తిన ఉంది!

ఇంటికొచ్చినా ఆ సున్నా నన్ను వదల్లేదు. పడమటి ఎండకు అద్దం పెడితే లోపలివాళ్లు ఉడికిపోతారు. ఆ బొక్కనే కింది అంతస్తు దాకా దింపితే? మేం దాన్ని ఏట్రియం అంటాం, భవనం మధ్యలో నిలువునా వదిలే ఖాళీ. పడమట అద్దం తీసేసి గోడ పెట్టాను. ఏట్రియం నెత్తిన అద్దం కప్పు, దాని పక్కల వేడిగాలి పోయే సందులు ఇచ్చాను. ఈసారి సెక్షన్ గీశాను, అంటే భవనాన్ని నిలువుగా కోసి లోపల చూపించే బొమ్మ.

ఓబులేశు గారు కప్పు మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందిదాకా దించారు.

"వానొస్తే మా జేజి మిద్దెక్కి బండ మూసేది. దీనికి ఎవురెక్కుతారు?"

"మీ నాయనమ్మలా ఎవరూ ఎక్కక్కర్లేదండీ, అద్దం ఉంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే కట్టు."

తెలియని మాటైతే ఎవరినైనా అడిగి తెలుసుకుంటాం. తెలుసనుకున్న మాటే కొంప ముంచుతుంది.