గౌరి మెడకోసం మొక్కు

రేపల్లెలో చేపలమ్మే నాంచారమ్మ, తన పిల్లి గౌరికి పేలు పోవాలని మెడమీద మందు చుక్కలు వేసింది. పేలైతే పోయాయి గానీ, మందు వేసినచోట చర్మం ఎర్రబడి జుట్టు ఊడిపోయింది. నాంచారమ్మ బెంబేలెత్తి, జుట్టు మళ్ళీ వస్తే తలనీలాలిస్తానని మోపిదేవి స్వామికి మొక్కుకుంది.

ఆ తర్వాతే పశువుల డాక్టరమ్మకు చూపించింది.

"ఆ మందు దీని ఒంటికి పడలేదు పిన్నీ. ఇంకెప్పుడూ వెయ్యకు. జుట్టు అదే వస్తుంది."

"ముందే చెప్పకపోయావా తల్లీ! మొక్కేసుకున్నానే!"

గౌరికి జుట్టొచ్చింది. నాంచారమ్మ మాట తప్పలేదు.

గుండుతో ఆమె తన ఇంటి ముందు చేపల బుట్ట దించగానే, రోజూ చేపలు కొనే ప్రమీలారాణి టీచరు, "ఏంటి నాంచారమ్మా, నీకూ ఆ మందే వేశారా?" అని నవ్వుతూనే, ఎండ తగలకుండా తన తువ్వాలు ఆమె తలకు చుట్టింది. గౌరి వచ్చి, కొత్త జుట్టున్న మెడను నాంచారమ్మ కాలికి రుద్దుకుంది.