మామగారి ఎరుపు, నా పుస్తకం

మా మేడ మీద అద్దెకున్నవాళ్ల అమ్మాయి ఇక్కడే బందరులో ఎం.బి.ఏ. చదువుతోంది. మొన్న మంగళవారం సాయంత్రం పుస్తకం పట్టుకుని కిందికి వచ్చింది. పోటీలో ఒక సంస్థ నిలబడేది యంత్రాల వల్లా కట్టడాల వల్లా కాదట, తనకు మాత్రమే తెలిసిన పని వల్లనట, ఆ తెలిసినదాన్ని రాసిపెట్టుకుని పదిమందికీ అందేలా చూసుకోవడం యాజమాన్యం బాధ్యతట. దీనికి మన ఊరి ఉదాహరణ ఒకటి చెప్పండి బామ్మగారూ, మీకు ఒకప్పుడు అద్దకం షెడ్డు ఉండేదట కదా, అని అడిగింది. ఉండేదని చెప్పాను, మూతపడిందని చెప్పాను. ఎందుకు మూతపడిందో మాత్రం రేపు చెబుతానని పంపేశాను. ఆ రేపు వచ్చి వెళ్లి ఐదు రోజులైంది. ఆ పిల్లకు చెప్పేముందు నా ఈడువాళ్లకు చెప్పుకోవడం న్యాయమనిపించి ఇది రాస్తున్నాను.

నాది గుడివాడ. 1966లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాను, లెక్కల్లో నూటికి తొంభై ఒకటి. 1969 మే నెలలో పెళ్లయి బందరు వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు, మా మరిదికి ఏడు. అత్తగారు అప్పటికే లేరు కాబట్టి వాడికి ఎక్కాలు నేర్పిందీ, జ్వరం వస్తే గంట గంటకీ థర్మామీటరు చూసి కాగితం మీద రాసిందీ నేనే. మావారు కోర్టులో గుమాస్తా, ఆయనకు రంగుల వాసన పడేది కాదు. షెడ్డు మామగారిది, తరవాత మరిదిది. నాకు ప్రతిదానికీ తారీఖు వేసి రాసుకునే అలవాటు పుట్టింటినుంచే వచ్చింది. జాడీలో ఆవకాయ పెట్టినా మూత మీద తేదీ ఉండాల్సిందే. ఈ అలవాటు మంచిదనే నమ్ముతూ యాభై ఏళ్లు బతికాను.

అద్దకం సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. బట్టను కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టి, కర్ర అచ్చులతో ముందు నలుపు గీతలు, తరవాత ఎరుపు రావలసిన చోట్ల పటిక కలిపిన జిగురు అద్దుతారు. పటిక అద్దినప్పుడు రంగేమీ కనిపించదు. కొన్నాళ్లు ఆరనిచ్చి, పారే కాలువ నీటిలో ఉతికి, రాగి గంగాళంలో రంగుచెక్కతో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అంటే తప్పు చేసినా అది తప్పని తెలిసేది ఇరవై రోజుల తరవాతే. మా వీధిలో ఆ రోజుల్లో తొమ్మిది షెడ్లుండేవి. అందరూ కొనేది అదే బట్ట, అదే కరక్కాయ, అందరూ ఉతికేది అదే కాలువలో. అయినా మామగారి ఎరుపు వేరు. దానిమ్మ గింజను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది, నలుపు గీత దాటి వెంట్రుకవాసి కూడా బయటికి పాకేది కాదు. మద్రాసు వర్తకులు తొమ్మిది షెడ్లు తిరిగి చివరికి మా గడపలోనే కూర్చునేవారు.

ఆ ఎరుపు కిటుకు పటిక కొలతలో ఉందని అందరికీ తెలుసు, కొలత ఎంతో మాత్రం తెలియదు. 1987లో మా దగ్గర పదేళ్లు పనిచేసినవాడొకడు మా నలుపు కలిపే పద్ధతి నేర్చుకుని నాలుగిళ్ల అవతల సొంత షెడ్డు పెట్టాడు. అప్పటినుంచీ మామగారు జిగురు కలిపే గదికి తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు. లోపల తూచేది ఆయనొక్కరే. నేను గడప బయట ముక్కాలి పీట మీద కూర్చుంటే ఆయన లోపలినుంచి ఒక్కొక్కటే గట్టిగా చెప్పేవారు, నేను తారీఖు వేసి రాసేదాన్ని. పటిక ఆరు కిలోలు, రెండు కిలోల రాయి మూడుసార్లు. తుమ్మ జిగురు ఇంత. నీళ్లు ఇన్ని బిందెలు. ఆ పుస్తకాన్ని ఆయన పెట్టెలో దాచేవారు కాదు, పనివాళ్లు తిరిగే కిటికీలోనే పెట్టించేవారు. తలుపు వేసుకునే మనిషి పుస్తకాన్ని కిటికీలో ఎందుకు పెడతారని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. నా అక్షరాల మీద ఆయనకున్న గౌరవం అనుకుని పొంగిపోయాను. పన్నెండేళ్లలో నాలుగు పుస్తకాలు నింపాను.

1998 నవంబరులో మరిది మద్రాసు వెళ్లి నాలుగు వందల దుప్పట్లకు మాట తీసుకువచ్చాడు. అంతకుముందు మాకు వచ్చిన అతి పెద్ద పని నూట ఇరవై. అప్పటికి సగం షెడ్లు కర్ర అచ్చులు మానేసి, రంగు పోసి గీకే జాలీ తెరలు బిగించి రసాయనం రంగులు వేసుకోవడంలోకి దిగిపోయాయి, వాళ్లు నెలరోజుల పనిని మూడు రోజుల్లో చేసి సగం ధరకు ఇస్తున్నారు. ఇది బాగా చేసి పంపితే ఏడాది పొడుగునా పని ఉంటుంది, లేకపోతే మనమూ తెరలు బిగించుకోవలసిందే అని మరిది చెప్పాడు. డిసెంబరు 9న మామగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది.

జనవరిలో పుస్తకం చూసి, మామగారి రాళ్లతోనే తూచి మరిది మొట్టమొదటిసారి తన చేత్తో జిగురు కలిపాడు, కొలత తగ్గిస్తే తేడా వస్తుందేమోనని పూర్తి తొట్టెడు. నాలుగు నమూనాలు చేశాడు. నాలుగూ మామగారి ఎరుపే. మద్రాసువాళ్లు సరేనన్నారు. పుస్తకం సరైనదని రుజువైపోయిందని నేను సంబరపడ్డాను. అయితే ఆ పాత త్రాసు ముల్లు ఊగుతూ ఉంటే నాకు చిరాకుగా ఉండేది. ఇంత పెద్ద పనికి గ్రాములతో సహా తెలియాలి, కరెంటు కాటా తెప్పించమని మరిదిని పోరాను.

"పటికేమన్నా బంగారమా వదినా, గ్రాములు చూసుకోడానికి?" అని నవ్వాడు గానీ, నా మాట ఎప్పుడు కాదన్నాడు గనక, బెజవాడనుంచి తెచ్చాడు. పాత త్రాసూ రాళ్లూ గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాం.

కాటా తెచ్చిన రోజు దాన్ని మామగారికి చూపించాలని ఆయన మంచం దగ్గరికి తీసుకువెళ్లాం. ఆయన దాన్ని చూసి ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టడం మొదలుపెట్టారు. గొంతులోంచి ఏదో శబ్దం. పాత వస్తువులు తీసేశామని కోపం అనుకున్నాం. నేను వంగి ఆయన చెవి దగ్గర, కంగారుపడకండి మామగారూ, అంతా పుస్తకం ప్రకారమే చేస్తున్నాం, గ్రాము తేడా రానివ్వం, అని చెప్పాను. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. నేను కొంగుతో తుడిచి, పెద్దాయనకు సంతోషమయిందని మావారితో చెప్పాను కూడా.

ఎనభై దుప్పట్లకు ఒక తొట్టి చొప్పున ఐదు తొట్ల జిగురు కలపాలి. ఫిబ్రవరి 22న మొదటి తొట్టి. మా దగ్గర ముప్పై ఏళ్లుగా గంగాళం పని చూసే ముసలాయన ఉండేవాడు, మేమంతా సాయిబు బాబాయి అనేవాళ్లం. మామగారు కలిపిన జిగురు బయటికి వచ్చాక ఆయన వేలు ముంచి నాలుక మీద రాసుకుని తలాడించడం అలవాటు. ఆ రోజు తలాడించలేదు. రెండోసారి వేలు ముంచాడు.

"వగరు ఎక్కువుందమ్మా. నాలిక లాగేస్తోంది. పెద్దాయన కలిపితే ఇట్టా ఉండదు" అన్నాడు.

"ఆరు కిలోలు, సున్నా గ్రాములు. అంకె కనపడట్లా బాబాయ్?" అన్నాను, కాటా వైపు చూపిస్తూ.

"నాకు అంకెలు రావు గదమ్మా. నాలిక ఒకటే వచ్చు" అని ఊరుకున్నాడు. అచ్చులు వేసేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

కాలువ ఏప్రిల్ మొదట్లో కట్టేస్తారు. మళ్లీ జూన్ దాటితే గానీ పారే నీళ్లుండవు, బావి నీళ్లలో ఉతుకుదామంటే బందరు నీళ్ల ఉప్పు సంగతి తెలిసిందే. అందుకని నాలుగు వందలూ ముందు అద్దేసి, అన్నీ ఒకేసారి ఉతికించి, అప్పుడు ఉడకబెట్టడానికి దిగాం. 1999 మార్చి 26, శుక్రవారం, ఉదయం పదిన్నరకు మొదటి గంగాళంలోంచి దుప్పటి పైకి తీశారు. ఎరుపు నలుపు గీతలు దాటి పాకేసింది. పువ్వుకూ పువ్వుకూ మధ్య తెల్లగా ఉండవలసిన నేలంతా పుండు చుట్టూ చర్మంలా గులాబీ రంగుకు తిరిగింది. రెండోది తీశారు, పదోది తీశారు. రెండోనాటికి నాలుగు వందలూ ఒకటే తీరు. వారం రోజుల్లో కాలువ కట్టేశారు. మళ్లీ చేద్దామన్నా నీళ్లు లేవు.

ఇప్పుడు నేను రాయవలసిన మాట ఉంది. ఆ శుక్రవారం షెడ్డులో పదకొండుమంది ఉన్నారు. అచ్చులు వేసేవాళ్లు ఆరుగురు, ఉతికే అన్నదమ్ములిద్దరు, బట్టలు మడతపెట్టే ఆడవాళ్లిద్దరు, సాయిబు బాబాయి. మరిది ఆ దుప్పటి అంచు పట్టుకుని, తడి చేతులతోనే నా వైపు తిరిగి, "వదినా, పుస్తకంలో ఎక్కడో తప్పుందేమో చూడు" అన్నాడు.

"పుస్తకం తప్పు కాదు. అదే పుస్తకంతో నమూనాలు వచ్చాయిగా? తప్పు నీ చెయ్యి. ఆయన పన్నెండేళ్లు చెప్పినదాన్ని చూసి కూడా వెయ్యడం చేతకాలేదు నీకు" అన్నాను. పదకొండుమందీ విన్నారు. వాడు దుప్పటి తిరిగి గంగాళంలోకి వదిలేసి, చేతులు కడుక్కుని బయటికి వెళ్లాడు.

మద్రాసువాళ్లు వచ్చి చూసి వెళ్లిపోయారు. మామగారికి ఒక దుప్పటి చూపించాం, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. జూలై 4న పోయారు. దశాహం అయిన మూడో రోజున మరిది భార్యాపిల్లల్ని తీసుకుని దివిసీమ వెళ్లిపోయాడు, అవనిగడ్డ దగ్గర బావమరిదితో కలిసి రొయ్యల మేత దుకాణం పెట్టాడు. షెడ్డు తాళం నాకిచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. ఊళ్లో అద్దకంవాళ్ల మధ్య మాత్రం తండ్రి చేతి పని కొడుక్కి అబ్బలేదన్న మాట నిలిచిపోయింది. ఆ మాటను మొదట అన్నది నేనే.

2004 ఆగస్టు 11న ఆ షెడ్డు ఖాళీ చేయిస్తూ పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాం. అటక మీది గోనెసంచి దింపి ఒక్కొక్క రాయీ తన కాటా మీద పెడుతున్నాడు. కిలో రాళ్లు కిలోనే ఉన్నాయి, ఐదు కిలోలది ఐదే ఉంది. రెండు కిలోల రాయి పెట్టి ఆగాడు. తిరగేసి చూశాడు.

"ఏమ్మా, దీన్తో ఎవరికి తూచి అమ్మేవారండీ? పదహారొందల గ్రాములే ఉంది. అడుగున సీసం తోడేసి లక్కతో పూడ్చారు. మా వాళ్లే మోసగాళ్లనుకున్నా, మీరు మా కంటే ఘనులే!" అని నవ్వాడు.

నేను ఆ రాయి వాడికి ఇవ్వలేదు. లోపలికి తీసుకుపోయి, పుస్తకం తెరిచి కూర్చున్నాను. పటిక ఆరు కిలోలంటే రెండు కిలోల రాయి మూడుసార్లు. అంటే నాలుగు కిలోల ఎనిమిది వందలు. మామగారు పన్నెండేళ్లూ వేసింది అది, నా చేత రాయించింది ఆరు. మరిది నమూనాలకు ఆ రాయే వాడాడు కాబట్టి అవి వచ్చాయి. నేను గ్రాములు కావాలని కాటా తెప్పించాను కాబట్టి తొట్టికి కిలో రెండు వందలు, ఐదు తొట్లకు ఆరు కిలోల పటిక ఎక్కువ పడింది. పుస్తకం కిటికీలో ఉండేది దొంగల కోసం. ఎవడైనా కాజేసి తన షెడ్డులో మంచి రాళ్లతో తూచుకుంటే వాడి బట్ట పాడవ్వాలి. ఒకసారి నమ్మి మోసపోయిన మనిషి వేసిన ఎత్తు అది, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంటే మంచి ఎత్తే. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండి ఉంటారు. చెప్పాలనుకున్న రోజుకు నోరు లేదు. మంచంపట్టె మీద కొట్టింది అందుకు.

నమ్మకం కుదరక ఒక జేబురుమాలు మీద ఆ లెక్కన అద్ది, ఆరనిచ్చి, చిన్న గిన్నెలో ఉడికించాను. సెప్టెంబరు 2న ఎరుపు వచ్చింది, గీత దాటలేదు. మర్నాడు దాన్ని చేతిసంచిలో పెట్టుకుని చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాను.

మరిది దుకాణంలో మేత బస్తాలు లెక్క చూసుకుంటున్నాడు. నలభై రెండేళ్లకే జుట్టు సగం నెరిసింది. నేను నిలబడే మొత్తం చెప్పాను, అంకెలతో సహా. రాయి బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని తన కాటా మీద పెట్టి చూసి, తీసి, మళ్లీ పెట్టాడు.

"దొంగల కోసం వల పన్నాడు నాన్న. మంచం మీదున్నప్పుడు కూడా నేను దొంగనే అనుకున్నాడా వదినా?"

"చెప్పాలనే చూశారురా. నేనే అర్థం చేసుకోలేదు."

"సరేలే. నువ్వైతే నేను చేతకానివాణ్ణనే అనుకున్నావుగా. ఆయన కంటే నయమే" అని నవ్వబోయి, నవ్వలేక బస్తాల వైపు తిరిగాడు.

షెడ్డు మళ్లీ తెరుద్దాం, కొలత దొరికింది కదా అన్నాను. జేబురుమాలు విప్పి ఆ ఎరుపు చాలాసేపు చూశాడు. "ఎవరితో తెరుస్తావు? వాళ్లంతా ఏరి?" అన్నాడు. "ఐదేళ్లూ నా చేతుల్ని చూసుకుని అసహ్యించుకున్నాను వదినా. ఇక అచ్చు పట్టుకోలేను. ఎండన పడి వచ్చావు, భోంచేసి వెళ్లు." మరిది భార్య వడ్డించింది. తిన్నాను. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు, రుమాలు మాత్రం తిరిగి ఇచ్చేశాడు.

అప్పటినుంచి నేను చేసిన పని ఒక్కటే. ఆ రోజు నా మాట విన్న పదకొండుమంది పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరినే వెతుక్కుంటూ వెళ్లి తప్పు వాడిది కాదని చెప్పాను. సాయిబు బాబాయి 2002లోనే పోయాడు, మొట్టమొదట చెప్పవలసింది ఆయనకే. మడతపెట్టే ఆడవాళ్లలో ఒకామె కూడా లేదు. ఏడుగురికి చెప్పగలిగాను. చల్లపల్లి దగ్గరున్న మన శ్రీకాకుళంలో, గుడి దగ్గర పూలకొట్టులో ఉన్న ఒకాయన అంతా విని, "అట్టాగా అమ్మా, ఇంకెందుకులెండి ఇప్పుడు" అన్నాడు. మిగిలింది ఉతికే అన్నదమ్ములిద్దరు. వాళ్లది తోట్లవల్లూరు వైపని మాత్రమే తెలుసు. రెండుసార్లు వెళ్లాను, దొరకలేదు.

మా వీధిలో ఇప్పుడు పటిక అద్దే షెడ్డు ఒక్కటీ లేదు. రంగు డబ్బాల మీద కొలతలు అచ్చువేసే వస్తున్నాయి, ఫోనులో కలిపే విధానం ఎవరో ఒకరు చూపిస్తూనే ఉన్నారు, తలుపు వేసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. ఎవరి ఎరుపు చూసినా ఒకటే ఎరుపు. మా కొలత తొట్టికి నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాముల పటిక. ఇదిగో, అందరికీ చెప్పేశాను. దాన్ని కాజేయాలనుకునేవాడు ఒక్కడున్నా బాగుండుననిపిస్తుంది. ఆ ఎం.బి.ఏ. అమ్మాయికి కూడా రేపు ఇదే చెబుతాను, రాసిపెట్టుకుంటే చాలదమ్మా, చెప్పేవాడు నిన్ను నమ్ముతున్నాడో లేదో చూసుకోమని. మరిదికి అరవై దాటాయి. ఆ అన్నదమ్ములు ఎక్కడున్నారో, ఏ అరుగు మీద కూర్చుని పాతరోజులు చెప్పుకుంటూ ఉంటారో. చెప్పుకున్నప్పుడల్లా వాళ్ల మాటల్లో మా మరిది ఇంకా చేతకానివాడే.