చెప్పులు చూసి పిల్లల్ని లెక్కపెట్టే పిన్ని

మా పిన్ని పిల్లల తలలు లెక్కపెట్టదు, చెప్పులు లెక్కపెడుతుంది. నాకే కాదు, వీధిలో అందరికీ ఆవిడ పిన్నే. బడి వదలగానే చుట్టుపక్కల చిన్నపిల్లలంతా ఆమె ఇంటికే చేరతారు. వాళ్ళుండేది ఒకప్పుడు కారు పెట్టుకునే షెడ్డులో. ముందు ఇనుప గ్రిల్లు, లోపల చాపలు, మూలన బొమ్మల పెట్టె, వెనక మేడమెట్లు. అమ్మానాన్నలు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా హోంవర్కు, పాలు, తగవులు, తీర్పులు అన్నీ అక్కడే. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా గ్రిల్లు బయటే నిలబడాలి.

పిల్లలు కుదురుగా ఉండరు, చెప్పులు కదలవు. స్టాండులో ఒక జత ఉందంటే ఒక బిడ్డ లోపల ఉన్నట్టే. అదేం లెక్క అని నేనెన్నోసార్లు అడిగాను.

"నువ్వు కాలేజీలో ఉన్నావనుకుని మీ నాన్న ఏడాది ఫీజు కట్టాడు. మనుషుల్ని నమ్మితే అంతేరా. చెప్పులు మోసం చెయ్యవు" అనేది.

ఆ సాయంత్రం బాగా మబ్బు పట్టి ఉంది. పెన్సిల్ కోసం వాళ్ళ మామయ్య వచ్చాడు. పెన్సిల్ అంటే రెండో తరగతి పిల్లాడు. సన్నగా ఉంటాడని తోటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. ఈమధ్య డ్యూటీ మారి, ఆలస్యమైన రోజున తన అన్నయ్యను పంపుతోంది. మాటకారి మనిషి. వచ్చినప్పుడల్లా అందరికీ చాక్లెట్లు పంచేవాడు.

"పిన్నిగారూ, మా హీరో ఏడీ?"

"లోపలే ఉన్నాడు బాబూ, చెప్పులు ఇక్కడే ఉన్నాయిగా" అని పిన్ని కేకేసింది. పిల్లాడు పలకలేదు. మళ్ళీ పిలిచింది. బాత్రూంలో లేడు. బొమ్మల పెట్టె వెనకా లేడు.

"సంపు చూడరా" అంది నాతో. ఆ గొంతు ఆమెది కాదు.

షెడ్డు వెనక నీళ్ళ సంపు మూత ఎత్తి ఫోన్ లైటు వేశాను. నల్లటి నీళ్ళు, అందులో నా మొహం. ఇంకేమీ లేదు. మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"మొద్దులా నిలబడతావేం? క్లాసులు ఎగ్గొట్టినోడివి, ఎక్కడ దాక్కుంటారో నీకే తెలియాలి!" అంటూ పిన్ని మెట్లెక్కింది. వెనకే పరిగెత్తాను.

మేడ మీద, వాటర్ ట్యాంకు కింద, పాత పరుపు వెనక ఉన్నాడు పెన్సిల్. ఉత్త కాళ్ళు. నిక్కరు తడిసిపోయి ఉంది. వాన ఇంకా మొదలవలేదు.

"పిన్నీ, నేను ఇంటికెళ్ళిపోయానని చెప్పవా?"

"ఎందుకురా కన్నా?"

"మామయ్య వెళ్ళాక వస్తా. చెప్పులు అక్కడే వదిలేశా, నువ్వు వెతకవని."

పిన్ని ఇంకేమీ అడగలేదు. "వీడి పక్కన కూర్చో. కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా" అని నాకు చెప్పి కిందికి దిగింది. గ్రిల్లుకి తాళం పడిన చప్పుడు వినిపించింది. పిట్టగోడ సందులోంచి, గ్రిల్లు బయట నిలబడ్డ మామయ్య కనిపిస్తున్నాడు.

"దొరికాడా?"

"దొరికాడు."

"పంపండి మరి."

"వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. ఆవిడొస్తే పంపిస్తాను."

అతను నవ్వాడు. "నేను పరాయివాణ్ణా ఏంటి? సొంత మేనమామని!"

"కాదనలేదు బాబూ. వాళ్ళమ్మ రావాలి."

నవ్వు ఆగిపోయింది. గ్రిల్లు దడదడలాడింది. కింద పిల్లల గోల ఒక్కసారిగా అణిగిపోయింది. "పిల్లాణ్ణి పోగొట్టావని వీధంతా దండోరా వేయిస్తా. ఈ కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుందో చూస్తా!" గ్రిల్లు కదిలినప్పుడల్లా పెన్సిల్ గోళ్ళు నా చేతిలో దిగుతున్నాయి. ఆ ఇనుము ఎంత పాతదో నాకు తెలుసు. దిగి వెళ్ళాలనిపించింది. వీడు వదిలితేగా!

చివరికి వాళ్ళమ్మ యూనిఫాంలోనే రొప్పుతూ వచ్చింది. అన్నే ముందు అందుకున్నాడు. "చూడవే, మన పిల్లాణ్ణి ఈవిడ బంధించింది!"

"ఇదేంటి పిన్నిగారూ?" ఆవిడ గొంతులో కోపం.

పిన్ని దగ్గర చెప్పడానికేముంది? చూసినదేమీ లేదు. ఆవిడ నమ్మకపోతే తాళం తీయాల్సిందే. పిల్లాడు వాళ్ళతో వెళ్ళాల్సిందే.

"నాకేం తెలియదమ్మా. నీ కొడుకు భయంతో నిక్కరు తడుపుకున్నాడు. మీ అన్నయ్యని పంపించేసి వాణ్ణే అడుగు."

"పిచ్చిమాటలు! పదవే" అని అతను చెల్లెలి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతిని చూసింది. ఆ పట్టు ఎప్పటిదో గుర్తొచ్చినట్టు చూసింది. తర్వాత తన చెయ్యి లాక్కుంది.

"అన్నయ్యా, నువ్వెళ్ళు."

"ఈవిడ మాట నమ్ముతున్నావా?"

"వెళ్ళమన్నానుగా!"

బైకు చప్పుడు వీధి దాటేదాకా పెన్సిల్ నా చెయ్యి వదలలేదు. తర్వాత ఒక్కో మెట్టూ దిగాడు. పిన్ని తాళం తీసి వాళ్ళమ్మను లోపలికి రానిచ్చింది. ఆవిడ చాప మీద కూలబడి కొడుకును ఒళ్ళోకి లాక్కుంది. ఏమీ అడగలేదు. అడగడానికి భయపడుతోందని నాక్కూడా తెలుస్తోంది.

"తాళం వేసెయ్యండి పిన్నిగారూ" అంది తల ఎత్తకుండానే.

బయట మిగతా అమ్మానాన్నలు ఒక్కొక్కరే పోగవుతున్నారు. పిన్ని అప్పుడే ఎవరికీ తాళం తీయలేదు.