కొండ పక్క కాలేజీ

ఇంటరు పాసై ఇంజనీరింగు కాలేజీ వెతుక్కునే ఆ రోజుల్లో, నా తోటివాళ్లంతా ఏ కాలేజీలో చేరితే ఏ ఉద్యోగం వస్తుందో ఆరా తీసేవాళ్లు. నేను మాత్రం ఏ కాలేజీలో చేరితే ఎలా చచ్చిపోతానో ఆరా తీసేదాన్ని. (నవ్వకండి. ఆ వయసులో భయం వేస్తే నాకు నిజంగానే కడుపులో నొప్పి పుట్టేది.) పత్తికొండ దగ్గర మా పల్లె దాటి ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఉన్నదాన్ని కాదు. అంత వయసొచ్చినా మా జేజమ్మ కొంగు పట్టుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు.

నాకొచ్చిన ర్యాంకుకు సీటు దొరికే కాలేజీలు రెండు. ఒకటి కర్నూల్లో, ఒకటి కడప అవతల. నాయన టమాటా తోటకు నీళ్లు కట్టుకుంటుంటే నేను గట్టు మీద కూర్చుని, ఫోన్లో ఆ రెండు చోట్ల ఎండలు, వానలు, ఏరు ఎంత దూరం, కొండ ఎంత దగ్గర, అన్నీ చూసేదాన్ని. కర్నూలు కాలేజీకి తుంగభద్ర మరీ దగ్గర. పైగా నేననుకున్న బ్రాంచిలో మగపిల్లలు క్లాసు నిండా ఉంటే ఆడపిల్లలు ఒక్క బెంచీకి సరిపోతారు. కడప కాలేజీలో ఆడపిల్లలు బాగానే చేరుతున్నారు. కానీ చేరినంత మంది చివరి ఏడాది దాకా మిగలడం లేదు. ఆ తగ్గినవాళ్లు ఏమైనట్టు? కాలేజీ వెనకే కొండ, ఆ కొండ మీద చిరుతపులి తిరుగుతోందని ఎక్కడో చదివాను. ఆ రెండు సంగతులూ కలిపి చూసుకుని ఆ పూట అన్నం మానేశాను. (వాళ్లలో చాలామంది వేరే కాలేజీలకు మారిపోయారని తర్వాత తెలిసింది.)

కాలేజీ ఎంచుకోవడానికి గడువు దగ్గరపడింది. నాయన ఒక మాటన్నాడు. "రెండూ వద్దనుకుంటే ఇంటికాడే ఉండు పాపా. నేనేం అననులే." కోప్పడినా బాగుండేది. ఆయన మనసారా అన్నాడు. ఇంకోసారి అడిగితే సరేనంటానని నాకు తెలుసు. అన్ని భయాల్లోకీ అదే పెద్దదై కూర్చుంది. ఒకసారి కళ్లతో చూసొద్దాం నాయనా అన్నాను.

కర్నూల్లో బస్సు దిగేసరికి తుంగభద్ర ఇసుక మేటలేసి, మధ్యలో గొర్రెలు నడిచిపోతున్నాయి. అయినా ఊరుకోక, వరదొస్తే నీళ్లు ఎందాకా వస్తాయని కాలేజీ వాచ్‌మన్‌ని అడిగాను. ఆయన నిజాయితీపరుడు. తన తలకంటే ఎత్తున గోడ మీద చెయ్యి పెట్టి చూపించాడు. నాయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను.

మర్నాడు కడప కాలేజీ. మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా కాలుతోంది, కొండ నేననుకున్నదానికంటే దగ్గరగా ఉంది. గేటు దగ్గరున్న పెద్దాయన్ని చిరుత సంగతి అడిగితే, "అది కొండ మీద ఉండాదమ్మా. కిందికి శానా తక్కువ వస్తాది" అని ధైర్యం చెప్పాడు. అసలు రాదని చెప్తాడనుకున్నాను. నాయన ఆఫీసులో మాట్లాడుతుంటే, అక్కడి మేడం నన్ను హాస్టలు చూసి రమ్మంది. సెలవులు. వరండా పొడవునా తాళాలేసిన గదులు, మనిషి అలికిడి లేదు. సగం దూరం పోయేసరికి మలుపు అవతల ఏదో బరబరా గీరిన శబ్దం. ఇంకేం చూడలేదు. చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తి, కనిపించిన బాత్‌రూములో దూరి గొళ్లెం పెట్టుకున్నాను.

అప్పుడు విన్నాను. పక్క బాత్‌రూములో, పైదాకా లేని ఆ గోడకు అవతల, ఏదో రొప్పుతోంది. నేను ఊపిరి బిగబడితే అదీ బిగబట్టింది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆదివారాలు చర్చిలో నేర్చుకున్న ప్రార్థనంతా పైకే చెప్పేశాను. మా నాయనను చల్లగా చూడమని కూడా చెప్పి ముగించాను. గోడ అవతలి నుంచి సన్నగా "ఆమెన్" అని వినిపించింది.

చిరుత ఆమెన్ అనదు. ఆ మాత్రం తెలివి నాకింకా మిగిలి ఉంది.

ఎవరని అడిగాను. అక్కడే చదువుతున్న అమ్మాయట. పరీక్షలు తప్పి సెలవుల్లో ఉండిపోయింది. గది మారుతూ ఇనుప పెట్టె లాక్కుంటుంటే నా పరుగు విని, చిరుతే వచ్చిందని దూరి గొళ్లెం పెట్టుకుందట. ముందు నువ్వు తలుపు తియ్యి అంటే నువ్వు తియ్యి అని కాసేపు వాదించుకున్నాం.

"ఇంత భయముంటే ఈడ ఎట్లుంటాండావక్కా?" అన్నాను.

గోడ అవతలి నుంచే అంది, "భయపడతానే ఉంటాండా. మొదటేడాది రోజూ ఏడిస్తి. భయమైతే పోలేదు. చదువు మాత్రం అవుతాండాది."

ఇద్దరం ఒకేసారి గొళ్లేలు తీశాం. అంతలో వరండాలో దబదబా అడుగులు. ఇద్దరం ఒకేసారి మళ్లీ వేసుకున్నాం. "పాపా, చెప్పులు ఈడ ఇడిసి యాడికి పోతివి?" అని నాయన గొంతు వినిపించాక గానీ బయటికి రాలేదు. ఆ అక్క నాకంటే పొట్టిగా ఉంది. ఇద్దరికీ ముఖాల నిండా చెమట.

తిరుగు బస్సులో నాయన ఏం చేద్దామన్నాడు. ఈ కాలేజీనే పెట్టమన్నాను.

"చిరుత ఉండాదంటివే?"

"ఉండాది నాయనా. ఆ అక్క కూడా ఉండాది."

చదువున్న నాలుగేళ్లలో ఆ కొండ మీంచి కోతులు తప్ప ఏవీ దిగలేదు. ఇప్పుడు కర్నూల్లో ఉద్యోగం చేస్తున్నాను. తుంగభద్ర దాటి రోజూ పోయొస్తుంటాను. వానాకాలం వంతెన మీద ఇప్పటికీ బస్సులో కళ్లు మూసుకునే కూర్చుంటాను. అప్పుడు ఆ బకెట్టు మీద కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. దాన్ని ఒక్కసారి దగ్గరికి తీసుకుని, నీ భయం ఎప్పటికీ పోదులే పిల్లా, అయినా గొళ్లెం తియ్యి అని చెప్పాలనిపిస్తుంది.